పసుపు గీతకు అవతల: పాతాళరైళ్ళలో గాయాలు, మరణాలు

న్యూయార్క్ నగరపు సబ్‌వేలో 1990 నుంచి 2003 వరకు, అంటే పద్నాలుగేళ్ళలో, 668 మంది మరణించారు. నగర వైద్యపరీక్షాధికారి కార్యాలయపు రికార్డుల ఆధారంగా ప్రజారోగ్య పరిశోధకులు తేల్చిన లెక్క ఇది. వీరిలో హత్యకు గురైనవారు ఎందరై ఉంటారో, తరవాతి వాక్యం చదివేలోపు పాఠకులు మనసులో ఒక సంఖ్య అనుకోవాలని నా మనవి. ఆ సంఖ్య పది. మిగిలినవారిలో 343 మంది ఆత్మహత్య చేసుకున్నారు. 315 మంది ప్రమాదవశాత్తూ పోయారు.

మన భయంలో సింహభాగం మాత్రం ఆ పదిమందికే దక్కుతుంది. 1999 జనవరిలో ఇరవైమూడో వీధి స్టేషన్‌లో ఒక యువతిని మానసిక రోగి ఒకడు రైలు కిందకు తోసేశాడు. ఆ ఏడాదే న్యూయార్క్ రాష్ట్రం ఆమె పేరుమీద ఒక చట్టం చేసింది. తీవ్రమైన మనోవ్యాధి ఉన్నవారికి న్యాయస్థానం ఆదేశంతో ఆసుపత్రి బయటనే చికిత్స చేయించే ఏర్పాటు అది. 2022 జనవరిలో టైమ్స్ స్క్వేర్ స్టేషన్‌లో ఆసియా సంతతికి చెందిన మహిళ ఒకామె అలాగే బలైపోయినప్పుడు నేనెరిగిన తెలుగు కుటుంబాల్లో సైతం పిల్లలకు గోడకు ఆనుకుని నిలబడమని చెప్పడం మొదలైంది. మంచి అలవాటే, ఎవరూ మానుకోనక్కర్లేదు. అయితే ఆ గోడ ఆ పదిమందికే కాదు, మిగతా 658 మందికీ సంబంధించినదే. ఈ వ్యాసం వారి గురించి.

పేరు గురించి ఒక మాట. మన ఊళ్ళలో సబ్‌వే అంటే రోడ్డు కింద నడిచి దాటే దారి, లండన్‌లోనూ అంతే. అక్కడి రైలును ట్యూబ్ అంటారు, భారతదేశంలో మెట్రో అంటాం. నేను పాతాళరైలు అనే మాటే వాడతాను, హైదరాబాద్ మెట్రోలాగా స్తంభాలమీద నడిచేవి పాతాళంలో లేకపోయినా. ప్లాట్‌ఫారం అంచు విషయంలో భూమి పైనా కిందా తేడా లేదు.

పేరున్న మరణాలు

పాతాళరైలు చరిత్రలో పెద్ద దుర్ఘటనలకు తేదీలు, పేర్లు, శిలాఫలకాలు ఉన్నాయి. 1903 ఆగస్టులో పారిస్‌లోని కురోన్ స్టేషన్ వద్ద రైలు తగలబడినప్పుడు 84 మంది పోయారు. 1975 ఫిబ్రవరిలో లండన్ మూర్‌గేట్ స్టేషన్‌లో రైలు ఆగకుండా సొరంగం చివరి గోడను గుద్దుకొని 43 మంది చనిపోయారు. 1987 నవంబర్‌లో అదే నగరంలో కింగ్స్ క్రాస్ స్టేషన్ ఎస్కలేటర్ అంటుకుని 31 మంది. 1995 అక్టోబర్‌లో అజర్‌బైజాన్ రాజధాని బాకూలో సొరంగం మధ్యలో రైలు కాలి 289 మంది. 2003 ఫిబ్రవరిలో దక్షిణ కొరియాలోని దేగూలో 192 మంది.

ఈ పట్టికలో ఒక విశేషం వైద్యుడి కంటికి వెంటనే తగులుతుంది. మూర్‌గేట్‌ని పక్కనపెడితే, ఇక్కడ ప్రధాన హంతకి పొగ. సొరంగంలో మంట మనిషిని చేరేలోపే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. సీట్ల నురుగు, ప్లాస్టిక్ కాలితే సయనైడ్ కూడా తోడవుతుంది. దేగూలో నిప్పు పెట్టినది ఒక రైలులో. ఎక్కువమంది చనిపోయింది ఆ తరవాత వచ్చి దాని పక్కన ఆగిన రెండో రైలులో. దాని డ్రైవర్ తాళంచెవి తీసుకుని బయటపడ్డాడు. తలుపులు మూసుకుపోయాయి.

ఇలాంటి ప్రతి ఘోరం తరవాత ఏదో ఒకటి మారింది. కింగ్స్ క్రాస్ మంటకు కారణం ఎవరో ఆర్పకుండా పడేసిన అగ్గిపుల్ల అని తేలింది. విచారణ కమిషన్ ఆ మనిషి నిర్లక్ష్యాన్ని నిందించి ఊరుకోలేదు. చెక్క ఎస్కలేటర్లను, వాటి కింద పేరుకున్న జిడ్డును, సిబ్బందికి శిక్షణ లేకపోవడాన్ని తప్పుపట్టి 157 సిఫారసులు చేసింది. దేగూ తరవాత కొరియాలో రైలుపెట్టెల లోపలి సామగ్రి మొత్తం మంటకు తట్టుకునేదిగా మార్చారు. ఒక్కసారిగా వందమంది పోతే ఆ సంస్థను ప్రశ్నిస్తాం. న్యూయార్క్ లెక్కనే తీసుకుంటే ఏటా సగటున 48 మంది ఒక్కొక్కరుగా పోయారు. ఆ ఒక్కొక్కరికీ విచారణ కమిషన్ ఉండదు. రైళ్ళు ఆలస్యం అన్న ప్రకటన ఉంటుంది.

అంచు దగ్గర ఏం జరుగుతుంది

పది పెట్టెల న్యూయార్క్ రైలు ఖాళీగానే దాదాపు 400 టన్నుల బరువు. ఇనుప చక్రం ఇనుప పట్టామీద దొర్లుతుంది కాబట్టి రాపిడి తక్కువ. అందుకే తక్కువ శక్తితో అంత బరువు కదులుతుంది, అందుకే ఆపడమూ కష్టం. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే రైలుకు అత్యవసర బ్రేకు వేసి, సెకనుకు 1.3 మీటర్ల చొప్పున వేగం తగ్గిందనుకుంటే, ఆగడానికి 75 మీటర్లు కావాలి. డ్రైవర్ చూసి చెయ్యి కదిపేలోపు గడిచే క్షణం దీనికి అదనం. అంటే ప్లాట్‌ఫారం మొదట్లో ఎవరైనా పట్టాలమీద కనిపిస్తే, ప్రపంచంలో ఎంత నేర్పరి అయిన డ్రైవర్‌కైనా చేయగలిగినది ఏమీ లేదు. అయినా ఆ ముఖం వారిని జీవితాంతం వదలదు. ఇటువంటి ఘటనల తరవాత డ్రైవర్లలో నిద్రలేమి, పీడకలలు, విధులకు తిరిగి వెళ్ళలేకపోవడం మనోవైద్యులకు పరిచితమైన విషయాలే. వారు కూడా క్షతగాత్రులే, గణాంకాలలో చేరకపోయినా.

పడినవారిలో బతికేవారు చాలామంది కనుమూసి తెరిచేలోపు చావు తప్పినవారు కాదు. కాళ్ళు, చేతులు తెగినవారు, తలకు, కటి ఎముకలకు దెబ్బలు తగిలినవారు. కొందరు రైలుకూ ప్లాట్‌ఫారానికీ మధ్య నలిగి చిక్కుకుపోతారు. స్పృహలో ఉంటారు, మాట్లాడతారు, ఇంటికి ఫోన్ చెయ్యమని అడుగుతారు. చూసేవారికి వెంటనే రైలును జరిపి బయటకు లాగాలనిపిస్తుంది. అదే అపాయం. ఒత్తిడి ఉన్నంతసేపు ఆగిన రక్తస్రావం ఒత్తిడి తీయగానే మొదలవుతుంది. చాలాసేపు నలిగిన కండరాలలోంచి పొటాషియం, మయోగ్లోబిన్ ఒక్కసారిగా రక్తంలోకి వస్తే గుండె ఆగవచ్చు, ఆ గండం గడిచినా మూత్రపిండాలు చెడవచ్చు. 1941లో జర్మన్ బాంబుల కింద కూలిన లండన్ ఇళ్ళలోంచి తీసిన రోగులలో దీన్ని బైవాటర్స్, బీల్ అనే ఇద్దరు వివరించారు. అందువల్ల తెలిసిన రక్షకదళం ముందు నరంలోకి సెలైన్ ఎక్కించి, అన్నీ సిద్ధం చేసుకుని, ఆ తరవాతే రైలును కదుపుతుంది. ఇక మూడో పట్టా సంగతి: న్యూయార్క్‌లో అందులో ప్రవహించేది 625 వోల్టుల విద్యుత్తు. జారిపోయిన ఫోన్ కోసం దిగేవారికి ఇంతకన్నా చెప్పాల్సింది లేదు. ఫోన్ తీసిపెట్టడానికి స్టేషన్ సిబ్బంది ఉన్నారు.

అసలు మనిషి ఎందుకు పడతాడు? మద్యం ఒక ముఖ్య కారణం. కానీ మూర్ఛ, మధుమేహానికి మందు వేసుకుని భోజనం మానేసినప్పుడు పడిపోయే చక్కెర, రక్తపోటు మాత్రల మూలంగా నిలబడగానే వచ్చే కళ్ళు తిరగడం, గుండె లయ తప్పడం, చూపు లోపం, ఇవన్నీ అక్కడ పనిచేస్తాయి. ఇంట్లో సోఫామీద పడితే కథగా చెప్పుకునే స్పృహ తప్పడం, ప్లాట్‌ఫారం అంచున పడితే మరణ కారణమవుతుంది. జబ్బు ఒకటే, నిలుచున్న చోటు వేరు. ఇన్సులిన్ తీసుకునేవారు, మూర్ఛకు మందులు వాడేవారు రైలు ఆగి తలుపులు తెరుచుకునేదాకా వెనక బల్లమీదే కూర్చోవడం మేలని నా రోగులకు చెబుతుంటాను.

సంఖ్యలో చూస్తే ఎక్కువ గాయాలు మాత్రం పట్టాల దగ్గర కాదు, మెట్లమీద, ఎస్కలేటర్లమీద. అమ్మానాన్నలు ఆరు నెలలకు వచ్చినప్పుడు వారిని మాన్‌హటన్ చూపించడానికి తీసుకువెళ్ళే పాఠకులకు ఇది ముఖ్యం. డెబ్బై ఏళ్ళ మనిషి తుంటి ఎముక విరగడమంటే అది కేవలం ఎముక సంగతి కాదు. ఆ తరవాతి ఏడాదిలో మరణించే అవకాశం పెరుగుతుంది. ఎస్కలేటర్ ఎక్కేటప్పుడు చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకోమనండి. సిగ్గుపడకుండా లిఫ్ట్ వెతకండి. వంపు తిరిగిన ప్లాట్‌ఫారాల దగ్గర మరో సంగతి ఉంది: ప్లాట్‌ఫారం వంపుగా, రైలుపెట్టె తిన్నగా ఉంటే రెంటి మధ్యా సందు తప్పదు. లండన్‌లో 1968 నుంచి వినిపిస్తున్న ‘మైండ్ ద గ్యాప్’ అనే హెచ్చరిక ఈ జ్యామితి ఫలితమే.

ప్రమాదం అనే మాట

తెలుగులో మనం వాడే ప్రమాదం అనే మాటకు సంస్కృతంలో అసలు అర్థం ఏమరుపాటు, అజాగ్రత్త. మత్తు అన్న అర్థమిచ్చే ధాతువు నుంచే పుట్టింది. ప్రమత్తుడు అంటే ఒళ్ళు మరిచినవాడు. అప్రమత్తంగా ఉండండి అనే ప్రకటనలో ఉన్నది దానికి వ్యతిరేకం. కాలక్రమంలో మనకు ప్రమాదమంటే కేవలం జరగరానిది జరగడం అయింది గానీ, పాత అర్థం లోపల దాగే ఉంది: పడినవాడిదే తప్పు. ఆత్మహత్య అనే మాటలోనూ అంతే, హత్య ఉంది, కాబట్టి హంతకుడూ ఉన్నాడు. ఇంగ్లీషు మాటకూ చిక్కులు లేకపోలేదు. ‘యాక్సిడెంట్’ అనగానే ముందుగా ఊహించలేనిది, నివారించలేనిది అన్న భావం వస్తుందని, గాయాలలో చాలావరకు అటువంటివి కావని, 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ తన పుటల్లో ఆ మాటనే నిషేధించింది.

ఈ ఆలోచనకు మూలపురుషులలో ఒకరు విలియం హాడన్ అనే అమెరికన్ వైద్యుడు. 1966లో ఏర్పడిన సమాఖ్య రహదారి భద్రతా సంస్థకు మొదటి అధిపతి. మలేరియాకు పరాన్నజీవి ఎలాగో గాయానికి శక్తి అలాగని ఆయన వాదం. శరీరం తట్టుకోగలిగినదానికన్నా ఎక్కువ శక్తి శరీరాన్ని చేరడమే గాయం. 1970లో పులులు తప్పించుకుపోవడం గురించి అన్న అర్థం వచ్చే పేరుతో రాసిన వ్యాసంలో, ఆ శక్తిని అదుపు చేసే మార్గాలను ఆయన వరసగా చెప్పారు. పులిని పుట్టించకపోవడం మొదలు, దానికీ మనుషులకూ మధ్య కంచె వెయ్యడం దాకా. జూలో కంచె లేకుండా పసుపు గీత గీసి, అప్రమత్తంగా ఉండండి అని బోర్డు పెడితే ఊరుకుంటామా? 400 టన్నుల రైలు దగ్గర ఊరుకుంటున్నాం.

తలుపులు

ఆ కంచె కొత్త ఊహేమీ కాదు. 1961లో లెనిన్‌గ్రాడ్ మెట్రోలోని పార్క్ పబేది స్టేషన్‌ను ప్లాట్‌ఫారం పొడుగునా గోడతో, లిఫ్టుకు ఉన్నట్టు తలుపులతో కట్టారు. రైలు వచ్చి ఆగాకే తలుపులు తెరుచుకుంటాయి. 1987లో సింగపూర్ తన భూగర్భ స్టేషన్లన్నిటికీ గాజు తలుపులు పెట్టింది. ప్రాణాలకోసం కన్నా అక్కడ పెద్ద కారణం ఏర్‌కండిషనింగ్: చల్లగాలి సొరంగంలోకి పోకుండా ఆపితే విద్యుత్తు మిగులుతుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకుంటే భారతదేశంలోని తేడాలు అర్థమవుతాయి. 2017లో తెరిచిన చెన్నై భూగర్భ స్టేషన్లలో నిలువెత్తు తలుపులున్నాయి. అదే ఏడాది తెరిచిన హైదరాబాద్ మెట్రో స్తంభాలమీద, ఆరుబయట గాలిలో నడుస్తుంది; మిగిల్చే చల్లదనం లేదు, తలుపులూ పెట్టలేదు. మనిషి ప్రాణం ఖర్చులెక్కలో విద్యుత్ బిల్లు పక్కన నిలబడాల్సి వచ్చింది.

నడుస్తున్న పాత వ్యవస్థకు తలుపులు బిగించడం సాధ్యమేనని చూపినది హాంకాంగ్. 2006 నాటికి 30 భూగర్భ స్టేషన్లలో, రైళ్ళు ఆపకుండా, రాత్రిపూట పనిచేసి బిగించారు. ఖర్చులో కొంత రాబట్టడానికి ఒక్కో ప్రయాణానికి పది హాంకాంగ్ సెంట్లు అదనంగా వసూలు చేశారు. ఆ తరవాత ఆత్మహత్యలు దాదాపు 60 శాతం తగ్గాయని పరిశోధకులు లెక్కించారు. సియోల్ 2009 చివరికల్లా తన స్టేషన్లకు తలుపులు పూర్తిచేసింది. అక్కడ తగ్గుదల 89 శాతం.

ఇక్కడ ఎప్పుడూ ఎదురయ్యే ప్రశ్న: చావాలనుకున్నవారు ఇంకో స్టేషన్‌కి పోరా? హాంకాంగ్‌లో తలుపులు లేని మార్గాలు అప్పుడూ ఉన్నాయి. వాటిలో ఆత్మహత్యలు పెరగలేదు. శాన్‌ఫ్రాన్సిస్కోలోని గోల్డెన్ గేట్ వంతెన మీద 1937 నుంచి 1971 దాకా ఆఖరి క్షణంలో ఆపగలిగిన 515 మంది ఏమయ్యారో 1978లో ఒక పరిశోధకుడు ఆరాతీశాడు. వారిలో సుమారు 94 శాతం మంది బతికే ఉన్నారు, లేదా సహజ కారణాలవల్ల మరణించారు. ఆ కోరిక చాలామందిలో పోటు మీద వచ్చి తగ్గిపోయే అల లాంటిది. ఆ కొన్ని నిమిషాలు అడ్డం నిలబడేది గాజు తలుపు కావచ్చు, భుజంమీద చెయ్యి వేసి పలకరించిన అపరిచితుడూ కావచ్చు. ఎవరైనా అంచున రైళ్ళు ఒక్కొక్కటే వదిలేస్తూ తచ్చాడుతుంటే పలకరించడంలో నష్టం లేదు. అమెరికాలో 988 అనే నంబరుకు పగలూ రాత్రీ ఫోన్ చెయ్యవచ్చు.

గాజు తలుపుతో పనిలేకుండా, పైసా ఖర్చులేకుండా జరిగిన నివారణ ఒకటుంది. వియన్నా మెట్రో 1978లో మొదలైంది. 1980ల నడిమి సంవత్సరాల్లో అక్కడ ఆత్మహత్యలు పెరిగాయి, పత్రికలు ఒక్కో ఘటననూ నాటకీయంగా వర్ణించాయి. 1987లో ఆస్ట్రియా ఆత్మహత్యా నివారణ సంఘం పాత్రికేయులకు మార్గదర్శక సూత్రాలు ఇచ్చింది: శీర్షికల్లో పెట్టకండి, పద్ధతి వర్ణించకండి, ఒకే కారణాన్ని అంటగట్టకండి. పత్రికలు పాటించాయి. ఆ ఏడాది మొదటి ఆరు నెలలకూ తరవాతి ఆరు నెలలకూ మధ్య మెట్రోలో ఆత్మహత్యలు 80 శాతానికి పైగా తగ్గాయి. మన తెలుగు వార్తా ఛానళ్ళు ఇప్పటికీ ఇటువంటి మరణాల సీసీటీవీ దృశ్యాలను ఎర్రటి వలయం గీసి మళ్ళీమళ్ళీ చూపిస్తున్నాయి.

తలుపు దానంతటదే రక్షకురాలు కాదు. 2016 మే నెలలో సియోల్ గుయీ స్టేషన్‌లో, చెడిపోయిన ప్లాట్‌ఫారం తలుపు బాగుచేస్తున్న 19 ఏళ్ళ కాంట్రాక్టు కార్మికుడు రైలు తగిలి మరణించాడు. ఇద్దరు చేయవలసిన పనిని ఒక్కడే చేస్తున్నాడు. తినే తీరిక లేక అతని సంచిలో కప్పు నూడుల్స్, చెంచా మిగిలిపోయాయి. ప్రయాణికుల మరణాలను 89 శాతం తగ్గించిన తలుపుల నిర్వహణను అతి తక్కువ ధరకు బయటివారికి అప్పగించడంలో ఆ అపాయం కొంత కార్మికుల మీదకు మళ్ళింది. ప్రజాగ్రహం తరవాత నగరం ఆ పనిని తన సొంత ఉద్యోగులకు మార్చింది. రైలు తలుపుల సంగతికి వస్తే, 2023 డిసెంబర్‌లో ఢిల్లీ ఇందర్‌లోక్ స్టేషన్‌లో ఒక మహిళ బట్టలు తలుపులో చిక్కుకున్నాయి, రైలు కదిలింది. ఆమె రెండు రోజుల తరవాత ఆసుపత్రిలో మరణించింది. తలుపు మధ్య ఏదైనా అడ్డం ఉన్నట్టు యంత్రానికి తెలియాలంటే దానికి కొన్ని మిల్లీమీటర్ల మందం ఉండాలి. చీరకొంగుకూ చున్నీకీ ఆ మందం ఉండదు. చీర కట్టుకునే దేశంలో యంత్రం కొలత చీరకు సరిపోవాలి గదా.

మరి న్యూయార్క్? 2022లో వెలువడిన అక్కడి రవాణా సంస్థ అధ్యయనం ప్రకారం మొత్తం 472 స్టేషన్లలో 128 చోట్ల మాత్రమే తలుపులు బిగించవచ్చు. వాటికి సుమారు 700 కోట్ల డాలర్లు కావాలి. మిగతాచోట్ల ప్లాట్‌ఫారాలు ఇరుకు, స్తంభాలు అంచుకు మరీ దగ్గర, రకరకాల రైళ్ళ తలుపులు వేరువేరు చోట్ల తెరుచుకుంటాయి, 1904 నాటి కట్టడాలు ఆ బరువు మోయలేవు. ఈ కారణాలు నిజమైనవే. కానీ తలుపులు కుదరవు అన్నంతమాత్రాన చేసేదేమీ లేదనడం కుదరదు. లండన్‌లోని లోతైన స్టేషన్లలో పట్టాల మధ్య గుంటలున్నాయి. గుంట ఉన్న స్టేషన్లలో పడినవారిలో మరణాల నిష్పత్తి తక్కువని అక్కడి వైద్యులు 1999లో ప్రకటించారు. న్యూయార్క్‌లోనూ చాలాచోట్ల పట్టాల మధ్య మురుగుకాలువ ఉంది. 2007 జనవరిలో మూర్ఛ వచ్చి పట్టాలమీద పడిన ఒక యువకుడిని, తన ఇద్దరు చిన్న కూతుళ్ళను ప్లాట్‌ఫారం మీద వదిలి దూకిన ఒక నిర్మాణ కార్మికుడు ఆ కాలువలోనే అదిమిపట్టి పడుకున్నాడు. రైలు వారి పైనుంచి పోయింది. ఇద్దరూ బతికారు.

2024 నుంచి ఆ నగరంలో పసుపురంగు ఇనుప కమ్మీలు వెలుస్తున్నాయి, నడుము ఎత్తున, అంచుకు కొంచెం ఇవతల. రైలు తలుపులు తెరుచుకునే చోట ఖాళీ, మిగతా చోట కమ్మీ. తలుపులతో పోలిస్తే ఖర్చు బహు తక్కువ, రక్షణా అంతే తక్కువ. కళ్ళు తిరిగిన మనిషి పట్టుకోవడానికి మాత్రం పనికొస్తాయి. మీ స్టేషన్‌లో అవి ఉంటే వాటి వెనక నిలబడండి.